ఫోన్‌ను వంచుతూ ఆడే ఆటల్లో నేర్పు ఎంత, సెన్సర్ దయ ఎంత?

ప్రశ్న

ఫోన్‌ను ఎడమకూ కుడికీ వంచుతూ ఆడే తేలికపాటి ఆటలను, ముఖ్యంగా డూడుల్ జంప్‌ను, బాగా ఆడినవారి అభిప్రాయాలు తెలుసుకోవాలని ఈ ప్రశ్న అడుగుతున్నాను. తెలియనివారి కోసం రెండు మాటలు. 2009లో ఐఫోన్‌పై వచ్చిన ఈ ఆటలో నాలుగు కాళ్ల చిన్న బొమ్మ ఒకటి తనంతట తానే ఎగురుతూ ఉంటుంది. ఫోన్‌ను ఏ పక్కకు వంచితే బొమ్మ ఆ పక్కకు జరుగుతుంది. పైన కనిపించే పలకలపై దానిని ఒకదాని తర్వాత ఒకటిగా దించుతూ వీలైనంత ఎత్తుకు తీసుకుపోవాలి. తెరను తాకితే బొమ్మ గుండ్లు కాలుస్తుంది. అంతకు మించి నేర్చుకోవలసింది ఏమీ లేదు.

ఆట నాకు ఇష్టమే. అయితే దీని ప్రస్తావన వచ్చినప్పుడల్లా నా మిత్రులు రెండు పక్షాలుగా చీలిపోతారు. ఇది మణికట్టు ఊపడమే తప్ప ఆట కాదనీ, బొమ్మ ఎక్కడ దిగుతుందన్నది ఆడేవారి చేతిలో కన్నా ఫోన్ చేతిలోనే ఎక్కువగా ఉంటుందనీ ఒక పక్షం అంటుంది. తెరపై వేలు అడ్డం పెట్టకుండా ఆడగలగడమే దీని గొప్పతనమనీ, తెరపై గీసిన బొత్తాలను నొక్కుతూ ఆడే ఆటలకన్నా ఇక్కడే బొమ్మ మన మాట బాగా వింటుందనీ రెండో పక్షం వాదిస్తుంది. నాకు రెండింటిలోనూ నిజం కనిపిస్తోంది. నిటారుగా కూర్చుని ఆడినప్పుడు బొమ్మ చెప్పినట్టే నడుచుకుంటుంది. పక్కకు తిరిగి పడుకుని ఆడితే ఫోన్ అదే, ఆట అదే, అయినా బొమ్మ ఒకవైపుకే కొట్టుకుపోతుంది. ప్రయాణంలో ఆడితే ఇక చెప్పనక్కరలేదు.

ఈ ఆటలో పెరిగే స్కోరు నిజంగా నేర్పుకు కొలతేనా? కూర్చున్న తీరును బట్టి ఆట ఇంతగా మారిపోవడానికి కారణమేమిటి? ఒకప్పుడు విరివిగా కనిపించిన ఈ పద్ధతిని తర్వాతి ఆటలు ఎందుకు వదిలేశాయి? అనుభవమున్నవారు కొంచెం వివరంగా రాస్తే సంతోషిస్తాను.

జవాబు 1

నేర్పు తప్పకుండా ఉంది, కానీ దానిని చాలామంది ఉన్నచోట వదిలేసి లేనిచోట వెతుకుతారు. ఎంత చురుకుగా వంచామన్నదానికి ఇక్కడ పెద్ద విలువ లేదు, ఎంత ముందుగా వంచామన్నదే లెక్క. బొమ్మ పైకి లేచేటప్పుడు పలకల గుండా అడ్డులేకుండా దూసుకుపోతుంది, కిందికి వచ్చేటప్పుడే వాటిపై కాలు మోపుతుంది. అంటే ప్రతి గెంతులోనూ బొమ్మ పైకొసకు చేరేలోగానే, దిగవలసిన పలక ఏదో మనం తేల్చుకుని ఉండాలి. కొత్తవారు బొమ్మను చూస్తూ ఆడతారు, అందుకే వారి చేయి ఎప్పుడూ ఒక క్షణం వెనకబడి ఉంటుంది. అలవాటైనవారి చూపు తెర పైభాగంలో ఉంటుంది, బొమ్మ వారికి ఓరకంట కనిపిస్తే చాలు.

పలకల రంగులను గుర్తుంచుకోవడం మరొక మెట్టు. ఆకుపచ్చది కదలదు, లేత నీలిది అడ్డంగా జరుగుతుంది, గోధుమ రంగుది కాలు పెట్టగానే విరిగిపోతుంది, తెల్లది ఒక్కసారి మోసి మాయమవుతుంది. తక్కువ ఎత్తులో ఆకుపచ్చవి దండిగా ఉన్నప్పుడు ఎవరైనా ఆడగలరు. పైకి వెళ్లి, జరుగుతున్న నీలి పలకకు ఎదురుగా వంచాలా, అది తిరిగి వచ్చేదాకా ఉన్నచోటే మరొక గెంతు వేయాలా అని తేల్చుకోవలసి వచ్చినప్పుడు ఆటగాళ్ల మధ్య తేడా బయటపడుతుంది.

అయితే నేను ఈ ఆటను మెచ్చుకోవడానికి అసలు కారణం వేరు. చేతిలో పట్టుకున్న ఫోన్‌ను కదలకుండా నిలపడం ఎవరి తరమూ కాదు. ఈ సంగతి గ్రహించి, బొమ్మను ఒక బిందువు వద్ద కదలకుండా నిలపవలసిన అవసరమే ఎక్కడా రాకుండా ఆటను మలిచారు. పలకకు వెడల్పు ఉంది కాబట్టి చేయి కొద్దిగా తడబడినా బొమ్మ దానిపైనే దిగుతుంది, ఆ తడబాటును తర్వాతి గెంతులో సరిచేసుకోవచ్చు. తెర కుడి అంచు దాటిన బొమ్మ ఎడమ అంచు నుంచి లోపలికి వస్తుంది కాబట్టి మోతాదు మించి వంచినంత మాత్రాన ఆట ముగియదు, పైగా ఒక్కోసారి అదే దగ్గరి దారి అవుతుంది. గడియారం తరమదు, మనం ఎక్కితేనే తెర పైకి జరుగుతుంది. ఊపిరి తీసుకోవాలనిపిస్తే ఒకే ఆకుపచ్చ పలకపై కావలసినంతసేపు ఎగురుతూ ఉండవచ్చు. మొదట చూసినప్పుడు ఇవన్నీ ఆటను తేలిక చేయడానికి ఇచ్చిన రాయితీల్లా కనిపిస్తాయి గానీ, ఇవి లేకపోతే ఈ నియంత్రణతో ఆటే నిలవదు.

జవాబు 2

పై జవాబుతో నేను సగమే ఏకీభవిస్తాను. ఆట కూర్పు గొప్పదే. కానీ ఆ కూర్పును వంపు పద్ధతి గొప్పతనానికి సాక్ష్యంగా చూపడం సరికాదు. ఆ పద్ధతి లోపాలు ఆటగాడి కంటపడకుండా ఎన్ని ఏర్పాట్లు చేయవలసి వచ్చిందో మాత్రమే అది చెబుతోంది.

జాయ్‌స్టిక్‌ను వదిలేస్తే స్ప్రింగు దానిని మధ్యకు తెస్తుంది. మధ్యస్థానం ఎక్కడుందో వేలికి తెలుస్తుంది, కళ్లతో వెతకనక్కరలేదు. వంచే ఫోన్‌కు అలాంటి మధ్యస్థానం లేదు. బొమ్మ జరగడం చూసిన తర్వాతే చేయి వంగి ఉందని తెలుసుకుంటాం, అంటే ప్రతి దిద్దుబాటూ పొరపాటు జరిగిపోయాకే మొదలవుతుంది. ఎగిరే ఆటలో ఇది చెల్లిపోతుంది. గుండును దొర్లించే ఆటలో చెల్లదు. గుంతలున్న చెక్క పలకపై ఉక్కు గోళీని నడిపించే లాబిరింత్ బొమ్మను స్వీడన్‌కు చెందిన బ్రియో సంస్థ 1946లో తెచ్చింది. దానిలో పెట్టె కదలకుండా బల్లపై ఉంటుంది, పక్కనున్న రెండు మరలను తిప్పితే పలక మాత్రమే వంగుతుంది, మర బిగువును బట్టి ఎంత తిప్పామో వేళ్లకు తెలుస్తుంది. ఐఫోన్ తొలినాళ్లలోనే దీనిని అనుకరించిన ఆటలు ఫోన్లలోకి వచ్చాయి. వాటిలో ఆ బిగువూ లేదు, కదలని పెట్టే లేదు. గుంత పక్కన గుండును క్షణంపాటు ఆపవలసి వచ్చినప్పుడు చేతి వణుకంతా తెరపై కనిపిస్తుంది.

మరొక చిక్కు కూడా ఉంది. వంచుతున్న వస్తువూ చూస్తున్న వస్తువూ ఒకటే కావడం. గేమ్ బాయ్ కలర్ కోసం 2000లో నింటెండో తెచ్చిన కిర్బీ ఆట ఒకదాని కార్ట్రిజ్‌లోనే వంపును పసిగట్టే సెన్సర్ ఉండేది. ఆ యంత్రపు తెరకు లోపలి వెలుతురు లేదు, బయటి దీపానికి ఎదురుగా పట్టుకుంటేనే బొమ్మ కనిపిస్తుంది. బొమ్మను నడపాలంటే ఒక వైపు వంచాలి, చూడాలంటే మరొక వైపు వంచాలి. నేటి తెరలకు లోపలి వెలుతురు ఉంది కాబట్టి ఆ ఇబ్బంది తగ్గిందే కానీ పోలేదు. పైన దీపం ఉన్న గదిలో ఫోన్‌ను వెల్లకిలా పట్టుకుని గోళీ ఆట ఆడిచూడండి, ఒక కోణంలో గుంత స్థానే దీపం కనిపిస్తుంది.

స్కోరు విషయానికి వస్తే, ఒకే ఫోన్‌పై ఒకే మనిషి స్కోరు పెరిగితే అది నేర్పే. ఇద్దరి ఫోన్లు వేరైనప్పుడు పోల్చడంలో నాకు నమ్మకం లేదు.

జవాబు 3

ఇలాంటి ఆటలకు ప్రోగ్రాం రాసిన అనుభవం ఉంది కాబట్టి, కూర్చున్న తీరును బట్టి ఆట ఎందుకు మారుతుందన్న రెండో ప్రశ్నకే పరిమితమై రాస్తాను.

ఈ ఆటలు ప్రధానంగా ఆధారపడేది యాక్సిలరోమీటర్‌పై. చిప్ లోపల సిలికాన్‌తో చేసిన అతి చిన్న ముద్ద ఒకటి సన్నని కాళ్లపై వేలాడుతూ ఉంటుంది. అది ఏ దిశలో ఎంత జరిగిందో చూసి చిప్ మూడు అక్షాలకు మూడు అంకెలు ఇస్తుంది. ఫోన్‌ను బల్లపై వెల్లకిలా పెడితే తెరకు లంబంగా ఉండే అక్షంపై సుమారు 9.8 (భూమి గురుత్వ త్వరణం, సెకను వర్గానికి మీటర్లలో), మిగతా రెండింటిపై సున్నాకు దగ్గరగా వస్తుంది. ఫోన్‌ను నిలువుగా పట్టుకుని పక్కకు వంచినప్పుడు ఆ 9.8లో కొంత భాగం అడ్డపు అక్షంపైకి మారుతుంది. బొమ్మను నడిపించేది ఆ భాగమే.

ఆ భాగం కోణంతో సమానంగా పెరగదు, కోణపు సైన్ విలువను అనుసరించి పెరుగుతుంది. నిటారు స్థితి నుంచి మొదటి 10 డిగ్రీలు వంచితే గురుత్వంలో దాదాపు 17 శాతం అడ్డపు అక్షంపైకి వస్తుంది. 30 డిగ్రీలకు సరిగ్గా సగం వస్తుంది. అదే 80 డిగ్రీల నుంచి 90కి వంచితే వచ్చే మార్పు ఒకటిన్నర శాతమే. మీరు పక్కకు తిరిగి పడుకుని, కళ్లకు అనుగుణంగా ఫోన్‌ను కూడా పక్కకు తిప్పి పట్టుకున్నప్పుడు ఆ అక్షం అప్పటికే 90 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆటకు మీరు ఫోన్‌ను పూర్తిగా ఒకవైపు వంచేసినట్టే లెక్క, అందుకే బొమ్మ కొట్టుకుపోతుంది. ఆ స్థితినే మధ్యస్థానంగా గుర్తించమని సెట్టింగ్స్‌లో చెప్పే వీలున్న ఆటల్లో కూడా సుఖం ఉండదు, ఎందుకంటే ఆ చోట చేయి ఎంత కదిపినా అంకె దాదాపు కదలదు. వెల్లకిలా పడుకుని ఫోన్‌ను ముఖానికి ఎదురుగా పట్టుకుంటే మాత్రం ఈ చిక్కు రాదు, అప్పుడు అడ్డపు అక్షం నేలకు సమాంతరంగానే ఉంటుంది.

ప్రయాణం సంగతి ఇంకా మొండిది. ఆ చిప్ గురుత్వాన్నీ వాహనపు కుదుపునూ విడదీసి చూడలేదు. వాహనం ఎడమకు మలుపు తిరిగినప్పుడు కూర్చున్నవారు కుడికి తూలినట్టే బొమ్మ కూడా కుడికి జారుతుంది. చిప్ తన కొలతలో తప్పేమీ చేయలేదు, మనం అడగని దానిని కూడా కలిపి చెప్పిందంతే.

బొమ్మ స్పందించలేదని కొందరు అనడానికి కారణం మణికట్టు తిప్పే తీరు. ఫోన్‌ను నిటారుగా పట్టుకుని, తలుపు తెరిచినట్టుగా దాని ముఖాన్ని ఎడమకో కుడికో తిప్పితే గురుత్వ దిశ ఏ అక్షంపైనా మారదు. యాక్సిలరోమీటర్‌కు ఆ కదలిక తెలియనే తెలియదు. దానిని పట్టుకోవాలంటే గైరోస్కోప్ కావాలి. ఐఫోన్లలోకి అది 2010లో, ఐఫోన్ 4తో వచ్చింది. గైరోస్కోప్ మలుపు వేగాన్ని చురుకుగా చెబుతుంది గానీ కాలం గడిచేకొద్దీ దాని లెక్క మెల్లగా పక్కకు జారిపోతుంది. యాక్సిలరోమీటర్ లెక్క కుదుపులతో నిండి ఉంటుంది గానీ కింద ఎటుందో మరిచిపోదు. రెండింటినీ కలిపి వాడితే ఒకదాని లోపాన్ని మరొకటి సరిదిద్దుతుంది.

ఇక రెండో జవాబులో చెప్పిన చేతి వణుకు. దానిని తగ్గించడానికి మేము వచ్చిన అంకెలను సగటు చేస్తాం, మధ్యస్థానం చుట్టూ కొంత మేరను పట్టించుకోకుండా వదిలేస్తాం. రెండూ ఉచితంగా రావు. ఆండ్రాయిడ్‌లో ఆటలకు ఉద్దేశించిన వేగంలో సెన్సర్ 20 మిల్లీసెకన్లకు ఒక అంకె ఇస్తుంది. చివరి పది అంకెల సగటు తీస్తే బొమ్మ మీ చేతికన్నా దాదాపు 90 మిల్లీసెకన్లు వెనకబడుతుంది. సగటు తగ్గిస్తే బొమ్మ వణుకుతుంది, పెంచితే బద్ధకిస్తుంది. ఎగిరే ఆటలో ఆ ఆలస్యం గెంతులో కలిసిపోతుంది, గోళీ ఆటలో నేరుగా గుంతలో పడేస్తుంది. అందుకే మొదటి జవాబు రాసినవారు చెప్పినది నాకు అక్షరాలా నిజమనిపిస్తుంది. ఆగవలసిన అవసరం లేని ఆటకే ఈ నియంత్రణ ఇవ్వాలి.

జవాబు 4

ఈ పద్ధతిని తర్వాతి ఆటలు ఎందుకు వదిలేశాయన్న మూడో ప్రశ్నకు క్లుప్తంగా. 2011లో వచ్చిన టెంపుల్ రన్‌లో మలుపులకూ గెంతులకూ వేలితో స్వైప్ చేయాలి, నాణేల కోసం దారిలో ఒక పక్కకు ఒరగడానికి ఫోన్‌ను వంచాలి. 2012లో వచ్చిన సబ్‌వే సర్ఫర్స్ దారిని మూడు పట్టాలుగా విడగొట్టి ఆ ఒరగడాన్ని కూడా స్వైప్‌కే అప్పగించింది. వంపు ఎంత అన్న ప్రశ్న పోయి, ఏ పట్టా అన్న ప్రశ్న మిగిలింది. స్వైప్ చేశామా లేదా అన్నదానిలో అనుమానానికి తావు లేదు కాబట్టి ఓడిపోయినవారు ఫోన్‌ను నిందించలేరు.

ఫోన్ల పరిమాణమూ ఒక కారణమని నా ఊహ. మొదటి ఐఫోన్ తెర మూడున్నర అంగుళాలు, బరువు 135 గ్రాములు. నేడు ఆరు అంగుళాలు దాటిన తెరతో 200 గ్రాములకు అటూ ఇటూగా ఉండే ఫోన్‌ను ఒంటిచేత్తో వంచుతూ ఎక్కువసేపు ఆడితే మణికట్టే మొదట ఓడిపోతుంది.

జవాబు 5

చేతి వణుకును సగటు చేసి తీసేస్తామని పైన ఒకరు రాశారు. ఆరోగ్య కారణాల వల్ల చేతులు నిరంతరం వణికేవారి సంగతి, ఫోన్‌ను చేత్తో పట్టుకోలేక చక్రాల కుర్చీకి బిగించుకుని వాడేవారి సంగతి కూడా చర్చలో ఉండాలని రాస్తున్నాను. వారికి ఈ ఆట కష్టమైనది కాదు, అసలు లేనే లేదు. వెబ్ పేజీలను వైకల్యమున్నవారు కూడా వాడగలిగేలా చేయడం కోసం 2018లో వెలువడిన డబ్ల్యూసీఏజీ 2.1 ప్రమాణాల్లో ఒక నియమం ఉంది. పరికరాన్ని కదిలించి చేయగల పనిని తెరపైని బొత్తంతో కూడా చేయగలిగేలా ఉంచాలి, పొరపాటు కదలికలకు స్పందించకుండా ఆపుచేసుకునే వీలూ ఇవ్వాలి. ఆ కదలికే పనికి ప్రాణమైతే మినహాయింపు ఉంది.

వంచడమే ఈ ఆటకు ప్రాణం కదా, మినహాయింపు వర్తిస్తుంది కదా అని ఎవరైనా అనవచ్చు. నేను ఒప్పుకోను. ముందుగా నిర్ణయించుకోవడం, పలకల రంగులు చదవడం, అంచు దాటి అవతల తేలడం, ఇవే నేర్పు అని మొదటి జవాబులో ఉంది. వీటిలో ఒక్కదానికీ మణికట్టు అవసరం లేదు. తెరకు రెండు వైపులా రెండు బొత్తాలు పెట్టి, కావలసినవారికి మాత్రమే కనిపించేలా సెట్టింగ్స్‌లో ఉంచితే మిగతా ఎవరి ఆటా చెడిపోదు. స్కోర్ల పట్టికను వేరుగా పెడితే సరి.

ప్రశ్న అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. బొత్తాల సూచన నాకు నచ్చింది, వేరే పట్టిక కూడా అక్కరలేదేమో అనిపిస్తోంది. మూడో జవాబు రాసినవారికి ఇంకొక సందేహం. నా పాత ఫోన్‌లో నిటారుగా కూర్చుని ఆడుతున్నా బొమ్మ కొద్దిగా ఎడమకు లాగుతూ ఉంటుంది. నేను పట్టుకునే తీరులోని దోషమా, సెన్సర్ దోషమా ఎలా తేల్చుకోవాలి? అదే ఆటను ఒక టాబ్లెట్‌పై పెడితే పక్కకు వంచినా బొమ్మ కదలక, ముందుకు వంచితే పక్కకు జరిగింది. అదేమిటో అంతకన్నా అర్థం కాలేదు.

జవాబు 3 రాసినవారు

టాబ్లెట్ సంగతి ముందు చెబుతాను. ఆండ్రాయిడ్‌లో సెన్సర్ అక్షాలు పరికరపు సహజ స్థితిని బట్టి ఉంటాయి, తెర తిరిగినా అవి తిరగవు. ఫోన్లకు సహజ స్థితి నిలువు, చాలా టాబ్లెట్లకు అడ్డం. ఫోన్‌ను మాత్రమే దృష్టిలో పెట్టుకుని రాసిన ప్రోగ్రాం టాబ్లెట్‌పై ఒక అక్షానికి బదులు మరొకదానిని చదువుతుంది. ఇది ఆట రాసినవారు తెర దిశను అడిగి తెలుసుకుని సరిదిద్దవలసిన తప్పు, మీ చేతిలో ఏమీ లేదు. ఆటను నవీకరిస్తే పోవచ్చు.

పాత ఫోన్‌కు ఒక పరీక్ష ఉంది. ఆట నడుస్తుండగా ఫోన్‌ను బల్లపై వెల్లకిలా పెట్టి చేయి తీసేయండి. బొమ్మ ఎటు జారుతుందో చూడండి. తర్వాత ఫోన్‌ను బల్లపైనే సగం చుట్టు తిప్పి, అంటే పైఅంచు మీ వైపుకు వచ్చేలా పెట్టి, మళ్లీ చూడండి. మొదట ఫోన్ ఎడమ అంచువైపు జారిన బొమ్మ ఇప్పుడు కుడి అంచువైపు జారితే బల్లే వాలుగా ఉందని అర్థం. రెండుసార్లూ ఎడమ అంచువైపే జారితే సెన్సర్ సున్నా పక్కకు జరిగింది. రెండుసార్లూ కదలకుండా ఉంటే ఫోన్‌లో లోపం లేదు, మీరు కూర్చునే తీరులోనో పట్టుకునే తీరులోనో ఉంది. సెన్సర్‌దే అయితే, మధ్యస్థానాన్ని మళ్లీ గుర్తించే ఏర్పాటు ఆట సెట్టింగ్స్‌లో ఉందేమో వెతకండి. కొన్ని ఫోన్లలో ఫోన్ సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. పరీక్షకు ముందు ఫోన్ కవర్ తీసేయడం మరవకండి, వెనక కెమెరా ఉబ్బెత్తుగా ఉన్న ఫోన్ అయితే దాని కింద పుస్తకం పెట్టి, కెమెరా భాగం పుస్తకం అంచు దాటి బయట ఉండేలా చూసుకోండి. లేకపోతే మీరు కొలిచేది కెమెరా ఎత్తు అవుతుంది.